మునక్కాయలో మాత్ర ఎక్కడికీ పోలేదు

ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పాను. అంతా నగరి చుట్టుపక్కల బళ్ళలోనే. ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో అరవం, చాలా ఇళ్ళలో రెండూ. మా బడికొచ్చే బిడ్డలు ఇంట్లో ఒక మాట విని, వీధిలో ఇంకో మాట విని, బళ్ళో మూడో మాట రాసేవాళ్ళు.

మా మనవరాలు ఉద్యోగరీత్యా నార్వేలో ఉంటోంది. అక్కడి భాష నేర్చుకుంటూ ఒక రాత్రి ఫోన్ చేసింది. "తాతా, ఈడోళ్ళు రెండు మూడు మాటల్ని అతికించి ఒకే మాటగా రాసేస్తారు. ఎక్కడ విరవాలో, ఎక్కడ నొక్కి పలకాలో పట్టు దొరకడంలే. మన తెలుగులో దీనికి ఏమన్నా లెక్కుందా?" అని అడిగింది. ఉంది అన్నాను. అంతా ఒక్కసారిగా ఫోన్లో చెప్పడం కుదర్లేదు. మరునాడు పొద్దున్నే నోటుపుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. ఇందులో కొన్ని పుస్తకాల వల్ల తెలిసినవి. ఎక్కువ భాగం బిడ్డల నోళ్ళు చూసి నేర్చుకున్నవి.

1. రాసే అక్షరం వేరు, పలికే ముక్క వేరు.

"అమ్మ" అని పలక మీద రాస్తే అ, మ్మ అని రెండు అక్షరాలు. పెదాల మీద చెయ్యి పెట్టుకుని పలికితే అమ్, మ అని రెండు ముక్కలు. పలకలో ఒత్తు రెండో అక్షరానికి చేరింది, నోట్లో మొదటి ముక్కకు చేరింది. ఛందస్సులో ద్విత్వాక్షరానికి, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని కంఠస్థం చేయిస్తాం కదా, దానికి కారణం ఇంతే. ముందున్న అక్షరం ఆ ఒత్తులో సగాన్ని మోస్తోంది. లఘువుకు ఒక మాత్ర కాలం, గురువుకు రెండు.

ఈ కారణం చెప్పకుండా పదేళ్ళు సూత్రం మాత్రమే చెప్పాను. బిడ్డలు U, I గుర్తులు సరిగ్గానే పెట్టేవాళ్ళు, పద్యం మాత్రం చెవికెక్కేది కాదు. తర్వాత వేళ్ళ లెక్క పెట్టాను. లఘువుకు ఒక వేలు, గురువుకు రెండు వేళ్ళు మడవాలి. పుస్తకం మూసి, పలుకుతూ మడవాలి. ఏకాంబరకుప్పం నుంచి, సత్రవాడ నుంచి వచ్చే మరమగ్గాల ఇళ్ళ బిడ్డలు దీన్ని అందరికంటే ముందు పట్టుకున్నారు. పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడులో నిద్రపోయిన చెవులవి. ఎక్కడ ఒక దెబ్బ తగ్గినా వాళ్ళకు తెలిసిపోయేది.

2. పెద్ద మాటను తోక నుంచి విప్పాలి.

రేణిగుంట, అరక్కోణం రైలుమార్గంలో మా నగరి దగ్గరే ఒక స్టేషనుంది. వెంకటనరసింహరాజువారిపేట. ఒకే మాటగా రాసే స్టేషను పేర్లలో దేశంలోకెల్లా పొడవైనదని పేరు పొందింది. ఇంగ్లీషు బోర్డు మీద 28 అక్షరాలు. మన లిపిలో పదమూడే.

కొత్తగా వచ్చినవాళ్ళు ఈ పేరును మొదటి నుంచి తవ్వుకుంటూ పోయి సింహం దగ్గర ఊపిరి చాలక ఆగిపోతారు. మా పిల్లలకు నేను చెప్పింది వేరు. ముందు చివరి మాట పట్టుకోండి. ఇదేమిటి? పేట. ఎవరి పేట? రాజువారిది. ఏ రాజు? వెంకటనరసింహరాజు. తెలుగు సమాసంలో ఎక్కువగా ఇల్లు చివర ఉంటుంది, దానికి దారి ముందు ఉంటుంది. నార్వే భాషలోనూ అంతేనట. చిన్నబిడ్డల బడిని బార్నెహాగె అంటారట. బార్న్ అంటే బిడ్డ, హాగె అంటే తోట. తోక పట్టుకుంటే తోట, ముందుకు పోతే బిడ్డల తోట. మా మనవరాలికి ఈ సంగతి ఒకసారి చెప్పగానే సగం భయం పోయింది.

ఇప్పుడు వేళ్ళు మడవండి. వెం-క-ట, నాలుగు మాత్రలు. న-ర, రెండు. ఆ తర్వాత సింహ, రాజు, వారి, పేట. ఒక్కొక్కటీ ఒక గురువు, ఒక లఘువు. నాలుగు హగణాలు వరసగా నిలబడ్డాయి. మాట విరిగే చోటా గణం విరిగే చోటా ఒకటే. మొత్తం పద్దెనిమిది మాత్రలు. ఈ పేరును ఎవరూ పద్యంగా కట్టలేదు. రాజుగారి పేరుకు పేట చేర్చి పిలిచారు, అంతే. అయినా ఇంత పొడుగు పేరు పల్లెజనం నోట్లో తిరగడానికి ఆ నాలుగు జతల నడకే సాయం చేసిందని నా నమ్మకం. తరగతి బిడ్డలతో రైల్లో పోతూ అక్కడ బండి ఆగినప్పుడల్లా వాళ్ళ చేత దాన్ని గొంతెత్తి పలికించేవాణ్ణి.

3. మన బలం నొక్కులో లేదు, నిడివిలో ఉంది.

నార్వే భాషలో రెండు మాటలు అతికితే మామూలుగా మొదటి మాట మీద గట్టి నొక్కు పడుతుంది, రెండోదాని మీద తేలిక నొక్కు. రెండింటి మీదా సమానంగా పడితే వినేవాడు వాటిని రెండు మాటలనుకుంటాడు. తెలుగులో నొక్కు ఎక్కడ వేసినా మాట అర్థం మారదు. "రాముడు" అన్నదాన్ని ఎక్కడ గట్టిగా అన్నా వాడు రాముడే. ఒకదాన్ని నొక్కి చెప్పాల్సి వస్తే మనం గొంతు పెంచక్కర్లేదు, ఒక "ఏ" తగిలిస్తాం. రాముడే వచ్చాడు. రాముడు వచ్చాడే!

కానీ నిడివి మారితే మాట మారిపోతుంది. అట, ఆట, అట్ట. మొదటిది ఎవరో చెప్పారని చెప్పేది, రెండోది పిల్లలాడేది, మూడోది పుస్తకానికి వేసేది. ఆట, అట్ట రెండూ మూడు మాత్రలే. ఒకదాంట్లో బరువు అచ్చు మోసింది, ఇంకోదాంట్లో హల్లు మోసింది.

ఇదంతా రాస్తున్న రోజుల్లో ఫోన్లో ఇది చెప్తుంటే మా మనవరాలు గట్టిగా అరిచింది. "తాతా, ఇక్కడా ఇదే! తాక్ అని సాగదీస్తే ఇంటికప్పు, తక్ అని హల్లు ఒత్తితే థాంక్స్!" నొక్కు పడిన ముక్కలో అచ్చైనా సాగాలి, హల్లైనా ఒత్తుకోవాలి. అదీ అక్కడి పద్ధతి. మన వ్యాకరణంలో "ఆ కాలము" "అక్కాలము" అవుతుంది. ఆ గురువే, అక్ గురువే. అచ్చు కుదించుకున్న మాత్రను హల్లు తీసుకుంది. ఇన్ని వేల మైళ్ళ దూరంలో, మనతో ఏ చుట్టరికమూ లేని భాషలో ఇదే సర్దుబాటు కనిపించేసరికి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

4. ఇంటి మాటను కొట్టేసే ముందు దాని మాత్రలు లెక్కపెట్టాలి.

ఇది నేను అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. అందుకే కాస్త విస్తరంగా రాస్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎనిమిదో తరగతి బిడ్డలకు "మా ఇంటి పండగ" అని వ్యాసం ఇచ్చాను. మగ్గం పని చేసే ఇంటి పిల్లవాడొకడు రెండు పుటలు రాశాడు. వాళ్ళమ్మ చేసిన మునక్కాయ పులుసు, వాళ్ళవ్వ వేయించిన శెనక్కాయలు, గుడికి తీసుకుపోయిన టెంకాయ. అన్నీ కళ్ళకు కట్టినట్టు రాశాడు. నేను మునక్కాయ కింద ఎర్రగీత గీసి మునగకాయ అని రాశాను. శెనక్కాయ కొట్టేసి వేరుశనగకాయ అన్నాను. టెంకాయను కొబ్బరికాయ చేశాను. మార్కులు తగ్గించాను. "సార్, మా ఇంట్లో అట్లే అంటారు సార్" అన్నాడు. ఇంట్లో అనేది ఇంట్లోనే ఉంచుకో అన్నాను. ఆ తర్వాత వాడు వ్యాసాల్లో ఇంటి సంగతి ఎప్పుడూ రాయలేదు. పుస్తకంలో ఉన్నదే రాశాడు.

ఎన్నో ఏళ్ళ తర్వాత చిన్నయసూరి బాలవ్యాకరణం పాఠం చెప్తున్నాను. 1858లో అచ్చయిన పుస్తకం. అందులో ద్విరుక్తటకార సంధి. చిఱు, ఎలుక కలిస్తే చిట్టెలుక. నడు, ఇల్లు కలిస్తే నట్టిల్లు. నిడు, ఊర్పు కలిస్తే నిట్టూర్పు. బిడ్డల చేత వేళ్ళు మడిపిస్తున్నాను. చి-ఱు-ఎ-లు-క, అయిదు మాత్రలు. చిట్-టె-లు-క, అయిదే. నడు ఇల్లు, అయిదు. నట్టిల్లు, అయిదు. నిడు ఊర్పు, నిట్టూర్పు, రెండూ అయిదే. రెండు అచ్చులు ఎదురైన చోట ఒకటి పోయింది. పోయినదాని కాలాన్ని ట ఒత్తు నిలబెట్టింది. ఎంతో కాలంగా చెప్తున్న పాఠమే, కానీ ఈ లెక్క ఆ రోజే కనిపించింది.

ఆ క్షణంలో ఆ పిల్లవాడి మునక్కాయ గుర్తొచ్చింది. బల్ల కింద వేళ్ళు మడిచాను. ము-న-గ-కా-య, ఆరు. ము-నక్-కా-య, ఆరు. మునగలో గకారం మీది అచ్చు జారిపోతే, మిగిలిన పొల్లు గకారం కాయలోని కకారంతో కలిసి క్క అయింది. దాంతో ముందున్న "న" బరువెక్కి, జారిపోయిన మాత్రను తాను మోసింది. శనగకాయ ఆరు, శెనక్కాయ ఆరు. పండితులు చిట్టెలుకలో చేసిన పనినే వాళ్ళమ్మ పులుసు గిన్నె దగ్గర చేసింది. ఒకదాన్ని సూత్రమని నేర్పాను, రెండోదాన్ని తప్పని కొట్టేశాను.

టెంకాయ సంగతీ అంతే. అరవంలో తేంగాయ్ మాటకు తోబుట్టువు అది. తెన్ అంటే దక్షిణం, దక్షిణపు కాయ అని దాన్ని విప్పుతారు. కాయ అన్నది చివర భద్రంగా కూర్చునే ఉంది.

ఈ లెక్క అన్నిచోట్లా సరిపోదు, అది కూడా చెప్పాలి. చేయి, నేత కలిసి చేనేత అయితే ఒక మాత్ర నిజంగానే పోయింది. పూవు, తోట కలిసిన పూదోటలోనూ పోయింది. అందుకని దీన్ని చట్టం అనను. నోటికి ఉన్న మంచి అలవాటంటాను. వీలైన చోట అది బాకీ ఉంచుకోదు.

ఆ తర్వాత నేను మగ్గాల వీధుల్లో నోటుపుస్తకం పట్టుకుని, వాళ్ళ మాటలు రాసుకుంటూ తిరిగాను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని 1962లో వ్యవసాయ పదాలతో తెచ్చారు, 1971లో రెండో సంపుటం చేనేత పదాలతో వచ్చింది. అంతటి పండితుడు రైతు నోటి మాటనూ నేతగాడి నోటి మాటనూ విలువైన ఆధారాలుగా చూశారు. నేను నా తరగతిలో వాటిని ఎర్రసిరాతో కొట్టేస్తూ కూర్చున్నాను. ఆ పిల్లవాడికి ఇప్పుడు మనవళ్ళున్నారు. మొన్న బజార్లో కనబడితే చెప్పాను, నీ మునక్కాయ ఒప్పేనయ్యా అని. వాడికి ఆ వ్యాసం గుర్తుంది. ఏ మాటల కింద గీతలు పడ్డాయో కూడా గుర్తుంది.

5. అతుకు మెత్తబడితే ఒక అర్థం, గట్టిగా నిలిస్తే ఇంకో అర్థం.

తల్లిదండ్రులు అంటే అమ్మా నాన్నా. "తల్లి తండ్రి" అంటే అమ్మ వాళ్ళ నాయన, అంటే తాత. తేడా అంతా ఒక్క తకారం దకారం కావడంలో ఉంది. ఇద్దరూ సమానంగా కలిసిన సమాసంలో రెండోదాని పరుషం మెత్తబడుతుంది. అన్నదమ్ములు, కూరగాయలు. గసడదవాదేశమని మనం బట్టీ పెట్టే సంధి ఇదే.

మా పక్కనే పుత్తూరు ఉంది. ఎముక విరిగితే ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో జనం అక్కడికి వస్తారు. పుత్తూరు కట్టు అంటే మూడు రాష్ట్రాల్లో తెలుసు. ఆ ఊరి కట్టు అన్నది ఆరో విభక్తి సమాసం, అందులో కకారం గట్టిగానే ఉంటుంది. ఎవరైనా దాన్ని మెత్తబరిచి పుత్తూరు గట్టు అంటే వినేవాడు కొండ వైపు చూస్తాడు. ఇది ఏ బళ్ళోనూ నేర్పరు. చదువు రాని అవ్వ కూడా పొరపడదు.

6. పొరుగువాడి అతుకు పొరుగువాడి లెక్కలో సరైనదే.

మనం తిరుపతి అంటాం. నాలుగూ లఘువులే, నాలుగు మాత్రలు. అరవంలో తిరుప్పతి అని రాస్తారు, అలాగే పలుకుతారు. పకారం ఒత్తుకుని రెండో ముక్క గురువైంది, అయిదు మాత్రలు. తిరుచానూరును వాళ్ళు తిరుచ్చానూర్ అంటారు. మాటా మాటా అతికిన చోట కొన్ని నియమాల ప్రకారం పరుషాన్ని ఒత్తడం అరవ వ్యాకరణ ధర్మం. అతుకు దగ్గర మనం కొన్నిచోట్ల మెత్తబరుస్తాం, వాళ్ళు గట్టిపరుస్తారు. ఏదైనా వినేవాడికి చెప్పేది ఒకటే, ఇక్కడ రెండు మాటలు కలిశాయని.

తిరుత్తణి పేరు చూడండి. 1960 ఏప్రిల్ 1 దాకా ఆ తాలూకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. హద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి పోయింది. కానీ మన జిల్లాలో ఉన్న రోజుల్లోనూ మనవాళ్ళు దాన్ని ఒత్తుతోనే పిలిచారు, ఇప్పుడూ అలాగే పిలుస్తాం. తిరుపతిలో రాని ఒత్తు తిరుత్తణిలో వచ్చింది. రెంటిలోనూ ముందున్నది అదే "తిరు". పేరు ఎవరి నోట పెరిగిందో ఆ నోటి గుర్తు దాని మీద ఉండిపోతుంది.

అరవం మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చిన బిడ్డ తిరుప్పతి అని చదివితే మొదట్లో నవ్వనిచ్చాను. తర్వాత వాణ్ణే నిలబెట్టి ఇద్దరి లెక్కా బోర్డు మీద వేయించాను. రెండు భాషల సంధీ తెలిసిన బిడ్డ కదా వాడు.

7. ఖాళీ ఎక్కడ వదిలామన్నది చిన్న సంగతి కాదు.

గుమ్మానికి కట్టేవి మావిడాకులు. "మా విడాకులు" అని విరిస్తే కాపురం విరిగింది. నార్వేలోనూ ఇలాంటివి పిల్లలకు చెప్పి భయపెడతారట. కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడమాంసం, విడదీస్తే పక్షవాతం వచ్చిన తొడలు. కలిపి రాస్తే ఇక్కడ పొగ తాగరాదని, విడదీస్తే ఇష్టం వచ్చినంత పొగ తాగమని. ఇంగ్లీషు చూసి జనం మాటల్ని విడగొడుతున్నారని అక్కడి పంతుళ్ళూ బాధపడుతున్నారని మా మనవరాలు చెప్పింది. నాకు వాళ్ళ మీద అభిమానం కలిగింది.

మనకు ఖాళీ కాగితం మీదే కాదు, తూకంలోనూ ఉంది. "జనప్రభుత్వం" సంస్కృత సమాసం, ఒకే మాట. అందులో "న" తర్వాతి ఒత్తును మోసి గురువవుతుంది. "మన ప్రభుత్వం" తెలుగు పద్ధతిలో రెండు మాటలు. అందులో "న" లఘువుగానే ఉండిపోతుంది, ప్ర బరువు దాని మీద పడదు. రెండూ పైకి పలికి చూడండి. మాటలు ఒకటయ్యాయా, పక్కపక్కన నిలబడ్డాయా అన్నది ఆ ఒక్క "న" చెప్పేస్తుంది.

అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. పాత రాతలో మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉండదు. అక్షరాల బారు అంతే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వంటివాళ్ళు తిరుపతిలో కూర్చుని ఆ బారును మాటలుగా విడదీసి మనకు చదువుకోవడానికి ఇచ్చారు. ఒక్కచోట తప్పు విరిస్తే దేవుడి వర్ణన ఇంకేదో అయిపోతుంది. రాళ్ళపల్లివారు పాట తెలిసినవారు కూడా కావడం మన అదృష్టం. ఎక్కడ మాట ముగుస్తుందో కళ్ళకు తెలియనప్పుడు చెవిని అడగగల మనిషి కావాలి. ఇప్పుడు మనం చూసే ప్రతి అచ్చు ప్రతిలోని ప్రతి ఖాళీ వెనకా ఎవరో ఒకరి నిర్ణయం ఉంది. పాడేవాళ్ళు ఆ సంగతి మరవకుండా, ఊపిరి కోసం మాట నడుమ ఆగకుండా ఉంటే బాగుండును.

8. తెలియని మాటను కళ్ళతో చదవొద్దు.

ముందు పైకి అనండి, వేళ్ళు మడవండి, ఆ తర్వాతే నిఘంటువు తీయండి. ఇంతకు మించి దీనికి వివరణ లేదు.

ఇదంతా రాసి మా మనవరాలికి చదివి వినిపించాను. వాళ్ళబ్బాయికి అయిదేళ్ళు, ఆ బార్నెహాగెకే పోతాడు. తల్లి పక్కన కూర్చుని విన్నాడు. వాడు తెలుగు బొమ్మల పుస్తకంలో మునగకాయ అని నేర్చుకున్నాడట, నా నోట మునక్కాయ విని అది తప్పు ముత్తాతా అన్నాడు. సరే, రెండూ పలుకుతూ వేళ్ళు మడువు అన్నాను. ఫోను గోడకు ఆనించి రెండు చేతులూ నాకు చూపించాడు. మొదటిసారి ఆరు. మళ్ళీ విప్పి, నాలుక బయటపెట్టి నెమ్మదిగా మడిచాడు. ఆరు.